ఇంట్లోకి ఒక కాలు

కొలతలక్క నా గదిలో దిగిన రోజే మా ఇద్దరికీ పెద్ద పోట్లాట జరగాల్సింది. పెట్టె కింద పెట్టిందో లేదో, మెడలోని టేపు తీసి అలమర కొలిచింది, కిటికీ కొలిచింది, ఆఖరికి నా మంచం కూడా కొలిచింది.

"నీ మంచం నాదానికంటే రెండంగుళాలు వెడల్పమ్మాయ్" అంది.

ఏడాది ముందొచ్చినదాన్ని, ఆ మాత్రం హక్కుండదా! ఒళ్లు మండిపోయింది. కానీ నాకంటే పదమూడేళ్లు పెద్దది, ఏమంటాను? కొలతలక్క అన్న పేరు మాత్రం అప్పుడే పెట్టేశాను.

మా ఇద్దరిదీ ఒకటే చదువు, కాలు పోయినవాళ్లకు కృత్రిమ కాళ్లు చెయ్యడం. నేను డిగ్రీ అవగానే విమానం ఎక్కి ఈ దేశం వచ్చినదాన్ని. ఆవిడ మన దగ్గర ప్రభుత్వాసుపత్రిలో పదకొండేళ్లు కాళ్లు చేసి, రెండేళ్లు సెలవు పెట్టి వచ్చింది. చిక్కంతా ఆ సెలవుతోనే. కొత్తవాళ్లు పదో రోజున ఒక మనిషికి కాలు చేసి, తొడిగి, నడిపించి చూపాలి. తప్పితే అదనంగా ఏడాది కింది తరగతిలో కూర్చోవాలి. అంత సెలవు ఆవిడకు లేదు. తప్పిందంటే తిరుగు విమానమే.

అందుకే పెట్టె సర్దుకోలేదు. "ఉండమంటారో పొమ్మంటారో తేలనీవే" అనేది. రోజూ పొద్దున్నే వంగి ఒక జత బట్టలు లాగడం, మళ్లీ జిప్పు వెయ్యడం. చూడలేక చచ్చేదాన్ని.

వర్క్‌షాపులో మొదటి రెండు రోజులూ యంత్రాలను చూసి బిక్కమొహం వేసింది. మూడో రోజు వాటిని పక్కన పెట్టి, ఆకురాయి పట్టుకుని కూర్చుంది. భాష తడబడేది, చెయ్యి మాత్రం తడబడలేదు. ఆవిడ అరగదీసిన ప్లాస్టర్ కాలి అచ్చును చూడ్డానికి మా రెండో ఏడాది వాళ్లం కూడా వెళ్లాం. నిజం చెప్పొద్దూ, కుళ్లుకున్నాను.

పదో రోజు ఆవిడ చేసిన కాలు తొడుక్కోవడానికి రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఒకాయన వచ్చాడు. మోకాలి కింద నుంచి ఎడమ కాలు లేదు. ఇరవై రెండేళ్లుగా ఆయనకు కాళ్లు చేస్తున్నది మా మాస్టారే. కొత్త కాలికి బూటు తొడిగి, రెండు పక్కలా ఉన్న కడ్డీలు పట్టుకుని ఒక అడుగు వేశాడు. మోకాలు ముందుకు మడతపడి తూలిపోయాడు. కడ్డీలు లేకపోతే బోర్లా పడేవాడే.

మాస్టారు వంగి చూశారు. "బూటు మడమ ఎత్తు లెక్కలోకి తీసుకోలేదు. ఉత్త పాదానికి అమర్చారు. ఎందుకని?"

కొలతలక్క మొహం పాలిపోయింది. "మా దగ్గరికొచ్చేవాళ్లు ఎక్కువగా ఉత్త కాళ్లతోనే తిరుగుతారు సార్. చెయ్యి అలవాటు కొద్దీ చేసేసింది."

ప్రపంచాన్నంతా కొలిచిన మనిషి బూటు కొలవడం మరిచిపోయింది! మాస్టారు పెన్ను తీశారు. అప్పుడు తెలిసింది, ఈవిడ పోవడం నాకు ఇష్టం లేదని.

ఆవిడ ఏడవలేదు. పోస్ట్‌మ్యాన్ ముందు మోకాళ్ల మీద కూర్చుని అడిగింది. "అయ్యా, మీరు ఇంట్లో కూడా బూట్లేనా?"

"ఇంట్లోనా? మా ఆవిడ బూట్లను గుమ్మం దాటనిస్తేగా!"

"మరెలా నడుస్తారు?"

"గోడ పట్టుకుని. బూటు విప్పితే కాలు వెనక్కి తోసేస్తుంది."

"నాకెప్పుడూ చెప్పలేదే?" అన్నారు మాస్టారు.

"మీరెప్పుడూ అడగలేదుగా."

కొలతలక్క ఆయన బూట్లు రెండూ విప్పేసింది. పోస్ట్‌మ్యాన్ ఒక అడుగు వేశాడు. ఇంకోటి వేశాడు. నాలుగో అడుగుకి కడ్డీలు వదిలేశాడు. గది చివరిదాకా వెళ్లి, గోడను ముట్టుకోకుండా వెనక్కి తిరిగి, కుర్చీలో కూలబడ్డాడు.

"బయటికి మీ కాలు, ఇంట్లోకి ఈవిడ కాలు" అన్నాడు మాస్టారితో. "ఇది మాత్రం విప్పను, ఏం చేసుకుంటారో చేసుకోండి."

మాస్టారు చాలాసేపు రాశారు. "తప్పు తప్పే. మార్కులు తగ్గించాను. సోమవారానికి బూటుకు సరిపోయే కాలు ఇంకోటి చేసి చూపించండి" అన్నారు. ఆగి, "మీ తరగతి మాత్రం ఇదే, కిందిది కాదు" అన్నారు.

సోమవారం పోస్ట్‌మ్యాన్ రెండో కాలు కోసం వచ్చాడు. అది తొడుక్కుని బూటుతో చక్కగా నడిచాడు. వెళ్తూ వెళ్తూ చెప్పాడు. "నిన్న వంటింట్లోంచి రెండు చేతుల్లో రెండు కప్పుల టీ తెచ్చాను. ఒక చెయ్యి ఎప్పుడూ గోడకే కదా, ఇన్నేళ్లూ ఒక్క కప్పే. మా ఆవిడ కప్పు అందుకోకుండా నన్నే చూస్తూ కూర్చుంది."

పరీక్ష రోజు ఏడవని మనిషి అది విని వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు?

గదికొచ్చి పెట్టె నేనే తెరిచాను. "రా అక్కా, సర్దుకుందాం. అలమరలో పై మూడు అరలూ నీవే."

ఆవిడ కళ్లు తుడుచుకుంటూ టేపు తీసింది.

"కొలిచావంటే ఊరుకోను!" అన్నాను.