ఆర్లిస్ మీద పడ్డ తారురోడ్డు వడ్డీ

మంచు తుఫానులో ఒంటరిగా కారు నడిపిన మనిషి ఆర్లిస్ ట్వెట్. అలాంటిది మొగుడు మైలో పోయిన దగ్గర్నుంచి కవరు కనిపిస్తే చాలు, ఆవిడ గుండె గుభేలుమంటుంది. లెక్కలన్నీ ఆయనే చూసేవాడు. ఆయన పోయిన ఏడాదే వాళ్ల వీధి కంకరరోడ్డు మీద తారు పడింది. ఆ ఖర్చు ఊరు తన నెత్తిన వేసుకోదు కదా, ఇంటింటికీ వాటా వేసింది. వీధంతా కట్టారు, ఆర్లిస్ తప్ప. వాటాకి వడ్డీ తోడైంది. ఇప్పుడు మంచు పడేలోగా మొత్తం తీర్చకపోతే ఇల్లు వేలం వేస్తామన్నారు.

మైలో పడవ అమ్మితే అసలు తీరుతుంది. వడ్డీకి అమ్మడానికి మాత్రం ఏమీ లేదు. వాటా కట్టమన్న నోటీసే అందలేదంటే వడ్డీ కొట్టేస్తారని ఎవరో చెప్పారు. అందకేం, సుబ్బరంగా అందింది. విప్పలేదంతే. విప్పని ఉత్తరం అందనట్టేనని తనకి తనే నచ్చజెప్పుకుని కౌన్సిల్ మీటింగుకు వచ్చింది.

హాలు నిండా ఆ వీధి వాళ్లే. వెనక బల్ల మీద కాఫీ, ఎవరో చేసుకొచ్చిన నిమ్మకాయ కేకు ముక్కలు. తన వంతు రాగానే ఆర్లిస్ లేచి నిలబడింది.

"చెప్పండి ఆర్లిస్ గారూ," అన్నాడు మేయర్ వెర్లిన్. ఊళ్లో ఇనుప సామాన్ల కొట్టు అతనిదే.

"నోటీసు నాకు రాలేదు బాబూ. వస్తే అప్పుడే కట్టేదాన్ని. రాని దానికి వడ్డీ ఏమిటి?"

"మేం పంపాం. మరి మధ్యలో ఏమైందంటారు?" అంటూ వెర్లిన్ ఆవిడ భుజం మీదుగా చూశాడు. "డ్వేన్, ఆ వీధికి ఉత్తరాలు వేసేది నువ్వేగా?"

అప్పుడు చూసింది ఆర్లిస్, చివరి వరసలో టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పోస్ట్‌మ్యాన్‌ని. తన అబద్ధం ఎవరి నెత్తిన పడుతుందో అప్పటిదాకా తట్టనేలేదు ఆ మహాతల్లికి.

ఆ రోజు డ్వేన్ ఆ కవరు ఆవిడ చేతికే ఇచ్చాడు. గుమ్మంలో నిలబడి మైలో గురించి మాట్లాడి మరీ వెళ్లాడు. ఇప్పుడు అతను ఆవిడ మొహంకేసి ఒక్కసారి చూసి తల దించుకున్నాడు.

"నాదే పొరపాటయి ఉంటుంది. వేరే పెట్టెలో వేసేశానేమో."

హాలంతా గుసగుసలాడింది. "నాకు రావాల్సిన మందులు కూడా వీడే పోగొట్టి ఉంటాడు," అని ఎవరో పైకే అనేశారు.

"అలా అయితే మీ పోస్టాఫీసుకు ఫిర్యాదు రాయాల్సి వస్తుంది, డ్వేన్," అన్నాడు వెర్లిన్ ఇబ్బందిగా.

"రాయండి."

"సరే. వడ్డీ కొట్టేయడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

అయిదుగురు కౌన్సిల్ సభ్యుల్లో ఒక చెయ్యి లేచింది. రెండోదీ లేచింది. ఇంకొక్క చెయ్యి లేస్తే ఇల్లు దక్కుతుంది. నోరు మూసుకుని నిలబడితే చాలు.

"ఆపండి బాబూ! డ్వేన్ నా చేతికే ఇచ్చాడు. నేనే తీసుకెళ్లి ఫ్రీజర్లో చేపల పొట్లాల కింద దాచేశాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. వెర్లిన్ నవ్వలేదు.

"ఎందుకండీ?"

"భయం వేసింది."

లేచిన చేతులు దిగిపోయాయి. వడ్డీ ఉన్నదున్నట్టే ఉంటుందని వెర్లిన్ ఆవిడ వైపు చూడకుండానే చదివేశాడు.

డ్వేన్ మెట్ల మీద ఆవిడని పట్టుకున్నాడు. కోపంతో అతని మొహం ఎర్రబడిపోయింది.

"మతి ఉందా నీకు? నోరు మూసుకుని ఉంటే ఇల్లు నిలిచేది! నన్నేం చేస్తారు, మహా అయితే నాలుగు చీవాట్లు పెడతారు."

"ఇల్లు నిలిచేది," అంది ఆర్లిస్. "కానీ నువ్వొచ్చిన ప్రతిసారీ నేను తలుపు వెనక దాక్కోవాల్సొచ్చేది. నిన్ను చూసి కూడా భయపడుతూ ఆ ఇంట్లో ఎవరితో మాట్లాడను, డ్వేన్?"