మూతి పైకి ఉన్న జాడీ బొమ్మ

కొత్త అట్టపెట్టె వాసనకు, దాని మీద ఒలికిన నువ్వుల నూనె వాసన తోడైతే చాలు, నాకు ఇప్పటికీ దవడలు బిగుసుకుంటాయి. మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు మీద మా పచ్చళ్ల షెడ్డు ఉంది. పండుమిరప పచ్చడి, గోంగూర, చింతతొక్కు, కందిపొడి సీసాలకెత్తి, మూతలకు సీలు వేసి, పెట్టెల్లో సర్ది లారీకెక్కిస్తే, అవి హార్బరులో కంటైనరు మారి, ఓడెక్కి, ఎన్నో వారాలు సముద్రం మీద ఊగి, ఏ దేశంలోనో మనవాళ్ల అంగడిలో దిగుతాయి. ప్రతి పెట్టె మీదా పైకి చూసే రెండు బాణాలు అచ్చేసి ఉంటాయి. కొనేవాళ్లు వాటిని చూడను కూడా చూడరు. నాకు మాత్రం అక్కడ మా అమ్మ చెయ్యి కనబడుతుంది.

నా చిన్నతనంలో మార్కాపురమంటే పలకలే. గనుల్లో రాయి పగలడానికి పెట్టిన తూటాలు పేలితే మా ఇంట్లో ఉట్టి ఊగేది, నిద్రపోయే పిల్లలు ఉలిక్కిపడి ఏడ్చేవాళ్లు, అన్నంలో, తలలో, పక్కబట్టల్లో రాతిదుమ్ము కరకరలాడేది. మా ఆటలూ దానికి తగ్గట్టే ఉండేవి. విరిగిన పలక పెంకులు ఒడినిండా ఏరుకుని వీధికీ వీధికీ యుద్ధం, పొద్దుగూకేలోగా ఎవరిదో ఒకరి నుదురు పగలాల్సిందే. పగిలినచోట పసుపు అద్ది, ఆ పసుపు చేత్తోనే వీపు మీద ఇంకో రెండు తగిలించేవాళ్లు తల్లులు. పీర్ల పండగకు నిప్పుల గుండం చుట్టూ తప్పెట మోతకు ఎగిరి, బెల్లం పానకం తాగి, ప్రసాదంగా పెట్టే మలీదా ముద్ద దగ్గర మళ్లీ కొట్టుకునేవాళ్లం. దెబ్బకు దెయ్యం వదులుతుందని గట్టిగా నమ్మిన వీధి మాది. మరి అన్ని దెబ్బలు పడుతున్నా ఆ దెయ్యం ఎవరినీ ఎందుకు వదల్లేదో నాకు తెలియదు.

మా నాయన పలకల కార్ఖానాలో ప్యాకింగు మేస్త్రీ. ఓడకెక్కే పలకను వెల్లకిలా పేర్చకూడదు, బరువుకు విరుగుతుంది. పక్కకు తిప్పి, అంచు మీద నిలిపి, ఒకదాని వీపుకు ఒకటి ఆనించి సందుల్లో వరిగడ్డి కూరాలి. ఆ పనిలో నాయన తర్వాతే ఎవరైనా. చెక్కపెట్టెకు మేకు దించాలంటే ఆయనకు ఒక్క సుత్తిదెబ్బ చాలు. ఇంట్లో కూడా ఆ చెయ్యే ఆడేది. కూర ఉప్పయిందని కొట్టేవాడు, నీళ్లు అందించడం ఆలస్యమైందని కొట్టేవాడు, ఒక్కోసారి ఏమీ కాకపోయినా కొట్టేవాడు.

అమ్మ అదే కార్ఖానాలో పలకలు అరగదీసేది. రోజంతా ఆ దుమ్ములో కూర్చుని ఇంటికొచ్చి దగ్గితే కొంగు నల్లబడేది. శివరాత్రి ముందర పండుమిరపకాయలు ఊళ్లోకి దిగేవి. తొడిమలు తీసి, కడిగి, నీడన ఆరబెట్టి, కొత్త చింతపండు, కల్లుప్పు వేసి రోట్లో దంచుతుంటే వీధి వీధంతా తుమ్ములు. చేతులు మంటెత్తితే మజ్జిగలో ముంచుకుని మళ్లీ రోకలి అందుకునేది. ఎదురుమాట తెలియని మనిషి ఆ మిరపకాయల్ని దంచే తీరు చూస్తే నాకు భయం వేసేది, లోలోపల బాగుండేది కూడా.

ఆ పచ్చడి ఒకసారి కార్ఖానా యజమాని తిన్నాడు. పలకలు దిగే దేశంలో మనవాళ్లు ఇలాంటి దానికి మొహం వాచి ఉన్నారట. ఈసారి లోడులో రెండు పెట్టెలు వేసి చూద్దాం, బాగా చేరితే ప్రతి లోడుకూ పంపుదాం, నువ్వు కార్ఖానాకు రానక్కర్లేదు, ఇంటి దగ్గరే పచ్చడి పెట్టుకో అని అమ్మతో అన్నాడు. దుమ్ము మానకపోతే బతకవని డాక్టరు అప్పటికే అమ్మకు చెప్పి ఉన్నాడు. ఆ సంవత్సరం అమ్మ దంచుతూ దంచుతూ కూనిరాగం తీయడం విన్నాను.

పెట్టెలు కట్టే రోజు నేనూ కార్ఖానా షెడ్డులో ఉన్నాను. నాయన సీసాలను పలకల్లాగే పక్కకు తిప్పి, ఒకదానికొకటి ఆనించి గడ్డి కూరుతున్నాడు. అమ్మ కూర్చున్నచోటి నుంచి లేచి వచ్చింది.

"మూతి పైకుండాల. నూనె పైన తేలితేనే పచ్చడి నిలబడతాది. పక్కకు పెడితే నూనె దిగి పచ్చడి పొంగుతాది."

"నాకు చెప్తాండావా? ఇన్నేండ్లుగా ఓడలకు పంపిస్తాండా, ఒక్క పలకన్నా పగిలిందా? పో, పోయి పని చూసుకో."

అమ్మ పోలేదు. ఆమెకు రాయడం రాదు. బలపం ముక్క తీసుకుని పెట్టె చెక్క మీద మూతి పైకి ఉన్న జాడీ బొమ్మ గీసింది. చూసినవాడెవడైనా పెట్టెను సరిగా తిప్పుతాడని కాబోలు. నలుగురూ నవ్వారు. నాయన తడిగుడ్డతో తుడిచేశాడు. అమ్మ మళ్లీ గీసింది. ఈసారి సుత్తి పడింది. బలపం, దాన్ని పట్టుకున్న వేలు కలిసే విరిగాయి. అమ్మ అరవలేదు, ఆ అరుపేదో నేనే అరిచాను.

సీసాలు అలాగే పక్కకు పడుకుని లారీలో మద్రాసు హార్బరుకు పోయాయి. ఓడ ఆలస్యమై సరుకు ఎండలో ఉండిపోయింది. పచ్చడి పొంగి మూతల్ని లేపింది, నూనె కారి కింద పేర్చిన పలకల పెట్టెల్లోకి దిగింది. నూనె తాగిన పలక మీద బలపం రాయదు, అలాంటి పలక ఏ బడికీ పనికిరాదు. లోడు వెనక్కి వచ్చిన రోజు యజమాని కూలీలందరి ముందూ నాయనను చెప్పుతో కొట్టాడు.

అత్త మీద కోపం దుత్త మీద తీర్చినట్టు నాయన ఇంటికొచ్చి జాడీలన్నీ పగలగొట్టాడు. ఇల్లంతా ఎర్రగా పచ్చడి, నూనె, జాడీ పెంకులు. అడ్డం వెళ్లిన నన్ను తన్నాడు. అమ్మ జుట్టు పట్టి వంచి మొహాన్ని ఆ పచ్చడిలో రుద్దుతూ, "నీ పచ్చడే చెడ్డదే, నా కట్టు కాదు!" అని అరిచాడు. కారానికి కళ్లు కనబడక నేలంతా తడుముకున్న అమ్మ చేతికి రోకలి తగిలింది. గుడ్డ చుట్టిన ఆ విరిగిన వేలితోనే దాన్నెత్తి నాయన మోకాలి మీద ఒక్కటి వేసింది. ఎండుకట్టె విరిగిన చప్పుడు వచ్చింది. నాకు సంతోషం వేసింది. ఆ సంతోషం నాకు ఇప్పటికీ ఉంది, చెప్పడానికి సిగ్గు కూడా లేదు.

కానీ ఆ కాలు మళ్లీ సరిగా మడత పడలేదు. నాయనకు పని పోయింది. ఇంట్లో సంపాదించే చెయ్యి అమ్మదొక్కటే మిగిలింది కనుక వంకరపోయిన వేలితో ఆ దుమ్ములోకే తిరిగి వెళ్లింది, నేను పదో తరగతి దాటేవరకూ ఆ దుమ్మునే మింగింది. చివరి రోజుల్లో కొంగుకు నలుపుతోపాటు నెత్తురు అంటేది. అమ్మను చంపింది దుమ్మని డాక్టరు అన్నాడు. నా లెక్కలో ఒక సుత్తి కూడా ఉంది.

ఇప్పుడు పిల్లల చేతుల్లో పలకలు లేవు. గనుల్లో సగం నీళ్లు నిలిచాయి, మిగిలిన షెడ్లలో ఇళ్లకు పరిచే బండలు కోస్తున్నారు. చెక్కపెట్టెలు, వరిగడ్డి, బలపాలు, పెంకుల యుద్ధాలు అన్నీ పోయాయి. నాయన పోలేదు. చేతికర్రతో మా షెడ్డు గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంటాడు.

మొన్న కంటైనరుకు లోడు వేస్తుంటే, సందు చాలక ఒక హమాలీ పెట్టెను పక్కకు తిప్పి తోశాడు. నాయన కర్ర అతని వీపు మీద పడింది.

"మూతి పైకుండాలరా! పక్కకు పెడితే నూనె దిగి పచ్చడి పొంగుతాది!" అని అరిచి, నావైపు తిరిగి, "చూడు పాపా, ఎన్నిసార్లు చెప్పినా వినరు" అన్నాడు.

అక్షరం పొల్లుపోకుండా అమ్మ మాటలు. నేను వెళ్లి ఆయన చేతిలోంచి కర్ర లాక్కున్నాను. నాకు తెలియకుండానే దాన్ని పైకెత్తాను. దెబ్బ తినబోయే మనిషి ఎవరైనా తల కాచుకుంటాడు. నాయన రెండు చేతులతో మోకాలు కప్పుకున్నాడు.

"అమ్మ ఎన్నిసార్లు చెప్పింది నాయనా?" అని అడిగాను.

హమాలీ వీపు తడుముకుంటూ ఆ పెట్టెను బయటికి లాగి, బాణాలు పైకి ఉండేలా తిప్పి, మళ్లీ లోపలికి తోశాడు.