పథ్యం విడిచిన రోజు

మా అమ్మ మళ్లీ బాలింత అయింది. ఎనభై దాటిన మనిషి గురించి ఇలా రాస్తే ఎవరైనా నవ్వుతారు. నాకూ మొదట నవ్వే వచ్చింది. నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉన్న మా ఇంట్లో, మంచం మీద గోడవైపు జానెడు చోటు వదిలి పడుకుంది. నేను గిన్నె చప్పుడు చేస్తే పెదవుల మీద వేలు పెట్టి, "మెల్లగనే అవ్వా, పిల్ల లేస్తది" అంది.

అవ్వ అంటే మా అమ్మమ్మ. అమ్మ తన తల్లిని అలాగే పిలిచేది. మతిమరుపు ముదిరాక నేను ఆమెకు కూతురిని కాకుండా పోయాను, ఎప్పుడో చనిపోయిన ఆ ముసలావిడనయ్యాను. ఖాళీగా ఉన్న ఆ జానెడు చోటు వైపు చూడాలంటే నాకు భయం. కొన్నాళ్లకు నేను కూడా ఇంట్లో మునివేళ్ల మీద నడవడం మొదలుపెట్టాను.

మతి తప్పితే తప్పింది, తిండి మానేయడమే ప్రాణం మీదికి తెచ్చింది. పెరుగు పెడితే పిల్లకు జలుబు చేస్తదంటుంది. పప్పు పెడితే పిల్లకు కడుపునొప్పి అంటుంది. గుడ్డు చూస్తేనే మొహం తిప్పుకుంటుంది. నీళ్లు తాగితే పొట్ట పెరుగుతుందట, గొంతు తడుపుకుని గ్లాసు పక్కన పెట్టేస్తుంది. ఒప్పుకునేది ఎల్లిగడ్డ కారం, అదే వెల్లుల్లి కారం, కలిపిన కాసింత అన్నానికే. మా అమ్మమ్మ బాలింతలకు పెట్టే పథ్యం అది.

గన్‌ఫౌండ్రీలో ఆఫీసుకు సెలవు పెట్టి, ఆబిడ్స్‌లో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె అమ్మ చేతిని ఒత్తి చూసింది. "కొత్త రోగమేం లేదమ్మా, తిండి లేదు. ముసలోళ్లకు ఏదో ఇంత పెడితే చాలనుకుంటరు గని, ఈ వయసుల అన్నం తగ్గినా పప్పు, పాలు, గుడ్డు తగ్గొద్దు. కండ కరిగిపోతున్నది. గిట్లనే ఉంటే దక్కది" అంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మ ఒడిలోకి కొంగు లాక్కుని, పిల్లకు గాలి తగలకుండా కప్పుతూ కూర్చుంది. ఇల్లు చేరేదాకా నేను ఏడుస్తూనే ఉన్నాను.

ఆ పిల్ల మా అక్క. ఆమె సంగతి అమ్మ నాతో ఒక్కసారే చెప్పింది, నేను పురుడు పోసుకుని అమ్మ దగ్గర ఉన్నప్పుడు. చుట్టాలంతా పథ్యం, పథ్యం అని గొణుగుతుంటే వినకుండా పాలకూర పప్పు, పెరుగు నా ముందు పెట్టింది. "తిను. పత్తెం అని నన్ను ఎండబెట్టిన్రు. నాకు పాలు పడలే. నీ అక్క ఎండుకపోయి పోయింది." అంత తెలిసిన మనిషి, ఇప్పుడు ఏమీ తెలియని రోజుల్లోకి వెళ్లిపోయింది.

బతిమాలాను, కోప్పడ్డాను. "పిల్ల లేదమ్మా" అని ఒకసారి అరిచాను కూడా. ఆమె పక్కన తడుముకుని, "గట్ల అనకే అవ్వా" అంది.

ఒక పొద్దున తనే అడిగింది. "పత్తెం ఎప్పుడు ఇడిపిస్తవే? బాయి కాడికి తోల్కపోవైతివి."

అప్పుడు తట్టింది నాకు. మా వైపు బాలింతను మంచిరోజు చూసి బావి దగ్గరికి తీసుకెళ్తారు. బావికి పసుపు కుంకుమ పెట్టించి నీళ్లు చేదిస్తారు. అక్కడితో పథ్యం అయిపోయినట్టు. అక్క ఆ రోజు దాకా బతకలేదు. పిల్ల పోయిన ఇంట్లో ఆ ముచ్చట ఎవరు చేస్తారు? నేను పుట్టినప్పుడు చేసే ఉంటారు, కానీ అమ్మ ఉన్నది ఆ రోజుల్లో కాదు. ఆమెను విడిపించాల్సింది అవ్వ. ఇప్పుడు ఆ అవ్వను నేనే.

నాంపల్లిలో బావి ఎక్కడి నుంచి తేను? కుళాయి నీళ్లు వచ్చే వేళకు అమ్మను మెల్లగా నడిపించుకెళ్లి, నల్లాకు పసుపు రాసి, ఆమె చేత కుంకుమ పెట్టించాను. ఆమె అనుమానంగా చూసింది.

"గిదేం బాయే?"

"పట్నం బాయి బిడ్డా" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది. చెంబు ఆమె చేతిలో పెట్టి, కింద నా చెయ్యి ఆనించి నీళ్లు పట్టించాను. "పత్తెం అయిపోయింది. ఇగ అన్నీ తినొచ్చు."

అమ్మ గ్లాసెడు నీళ్లు ఆగకుండా తాగింది. పెరుగన్నం మెత్తగా పిసికి ముద్ద పెడితే నోరు తెరిచింది. నిదానంగా మింగి, నా మొహంలోకి చూసింది.

"జర ముందే ఇడిపిస్తే పిల్ల బతికేది కదనే అవ్వా."

మంచం మీది ఆ చోటు ఖాళీ అని ఇన్నాళ్లూ ఆమెకు తెలుసు. ఆ పథ్యం పెట్టినందుకు మా అమ్మమ్మను నేను మనసులో ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్కలేదు. ఆ రోజు ఆమె తరఫున జవాబు చెప్పాల్సింది నేనే అయ్యాను.

"ఔ బిడ్డా. నాకు ఎరుక లేకపాయె."

అమ్మ రెండో ముద్దకు నోరు తెరిచింది.