హనుమాయమ్మ విషం దింపుడు నీళ్లు

హనుమాయమ్మకు ఎదురుగా మనిషి నిలబడితే మనిషి కనిపించడు, వాడి ఒంట్లో విషం కనిపిస్తుంది. లావుగా ఉంటే విషం పేరుకుంది. సన్నగా ఉంటే విషం తినేసింది. నవ్వుతుంటే తలకెక్కింది, నవ్వకపోతే గుండెల్లో దిగింది. నాకే జబ్బూ లేదన్నవాడంటే ఆవిడకు మరీ అనుమానం. "లోపల దాక్కుంది నాయనా, మొండిది!" అనేది.

అందరికీ మందు ఒక్కటే. జీలకర్ర, ధనియాలు, వాము, మెంతులు వేసి మరగకాచిన నీళ్లు. రంగు చూస్తే యమున గుర్తొచ్చేది, నోట్లో పోసుకుంటే యమునే నయమనిపించేది. అయినా ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో సివిల్స్ కోచింగుకు పోయే తెలుగు పిల్లలు పొద్దున్నే ఆవిడ మూడో అంతస్తు గుమ్మం నుంచి మెట్ల మలుపు దాకా స్టీలు గ్లాసులు పట్టుకుని నిలబడేవారు.

తాగినవాడు తాగినట్టు పోవడానికి మాత్రం వీల్లేదు. నీళ్లు విషాన్ని కదిలిస్తాయట. కదిలిన విషం పైకి తన్నకుండా దాని మీద బరువు పెట్టాలట. ఆ బరువు నాలుగు ఇడ్లీలు, అల్లప్పచ్చడి.

"మూడు చాలవా ఆంటీ?" అని ఎవడైనా నసిగితే, "మూడైతే గొంతు దాకా వచ్చి ఆగుతుంది నాయనా. తర్వాత నీ ఇష్టం" అనేది. వాడు గొంతు తడుముకుని నాలుగోది మింగేవాడు.

ఒకసారి ఈ-రిక్షా దిగుతూ డ్రైవర్ కళ్లలోకి తేరిపార చూసి, తనకొచ్చిన హిందీలో, "భయ్యా, ఆప్‌కే పేట్ మే జహర్ హై" అంది, నీ కడుపులో విషముందని. పాపం అతను అప్పుడే పక్క బండి దగ్గర సమోసా తిని వచ్చాడు. రిక్షా నడిరోడ్డున వదిలేసి సమోసావాడి చొక్కా పట్టుకున్నాడు. ఇద్దరినీ విడదీసి చెరో గ్లాసూ తాగించి, ఇడ్లీలు పెట్టి పంపేసరికి ఆవిడకు తల ప్రాణం తోకకొచ్చింది. ఆనాటి నుంచి పేటంతా ఆవిడ పేరు జహర్‌వాలీ ఆంటీ, విషాల ఆంటీ.

ఇదంతా చూస్తూ రెండో అంతస్తులో ఉడికిపోయేది సీతారత్నం. ఆవిడ చదివింది అయిదో తరగతి. సర్కారు గుమాస్తా భార్యగా ఢిల్లీకొచ్చి, ఆయన పోయాక కూడా ఈ ఊరిని వదలకుండా, ఎవరి ముందూ తల వంచకుండా బతికిన మనిషి. "రోజుకు ఆరు పేపర్లు చదివే పిల్లలు కుడితి నీళ్లకు వరస కడతారా! రేపు జిల్లాలేలేది వీళ్లా!" అని మెట్ల మీద అందరికీ వినపడేలా అనేది. పైనుంచి జవాబు తక్షణం వచ్చేది. "కోపం కాదది సీతా, విషం. గ్లాసు పంపనా?"

సీతారత్నం వెనక గదిలో అనూహ్య అని ఖమ్మం పిల్ల అద్దెకుండేది. రెండుసార్లు తప్పి, ఈసారి సివిల్స్ ఇంటర్వ్యూ దాకా వచ్చింది. "నా బిడ్డను మీ చేతుల్లో పెడుతున్నానమ్మా" అని వాళ్లమ్మ చెప్పి వెళ్లింది. సీతారత్నం ఆ మాటను మంగళసూత్రమంత భద్రంగా దాచుకుంది.

ఇంటర్వ్యూ ఇంకో వారముందనగా ఆ పిల్ల వంటింటి గడపలో కళ్లు తేలేసి పడిపోయింది.

సీతారత్నం లబోదిబోమంటూ ఈ-రిక్షా ఎక్కించింది. తీరా చూస్తే ఆ డ్రైవరే. "జహర్‌వాలీ ఆంటీ కా కేస్ హై క్యా?" అన్నాడు. ఆ మాటతో సీతారత్నానికి ఒళ్లంతా కారం రాసినట్టయింది. గల్లీ చివరి డాక్టరు సెలైను పెట్టి, పిల్ల పైఅంతస్తు నీళ్లే తాగి ఉంటుందని సీతారత్నం చెప్పిందంతా విని, నవ్వాడు. "ఒంట్లో చెత్త ఊడ్చే పని లివరూ కిడ్నీలూ చేస్తాయి మాతాజీ. వాటికి ఆదివారం సెలవు కూడా లేదు. విషం దింపుతామనే ఈ డిటాక్సుల వల్ల ఊడ్చేదేం లేదు. అమ్మాయికి ఎక్కింది విషం కాదు, ఆకలి."

పిల్లను ఇంట్లో పడుకోబెట్టి, కొంగు బిగించి, సీతారత్నం మూడో అంతస్తుకెక్కింది. తలుపు తోసేసరికి హనుమాయమ్మ మిగిలిన కషాయం సింకులో కుమ్మరిస్తోంది. రెండో చేతిలో పొగలు కక్కే ఫిల్టర్ కాఫీ.

"ఏం వదినా, నువ్వు తాగవేం ఆ అమృతం?"

"నాకేం పిచ్చా?" అంది హనుమాయమ్మ, అలవాటుగా. ఆ తర్వాత నాలుక కరుచుకుంది.

"ఆ గడ్డినీళ్లతో పిల్లను చంపబోయావు కదే!"

"ఏ పిల్లని? అనూహ్య నా గుమ్మం తొక్కి ఎన్నాళ్లయింది!" కాఫీ అక్కడే వదిలేసి హనుమాయమ్మ గబగబా మెట్లు దిగింది.

అనూహ్య దిండు కింద నుంచి ఓ డబ్బా తీసి చూపించింది. ఫోన్లో చూసి తెప్పించుకున్న పొడి. వారం రోజులు ఆ పొడీ నీళ్లూ తప్ప ఏమీ ముట్టకూడదట. "ఇంటర్వ్యూ బోర్డు ముందు మొఖం తేటగుండాలని తాగిన ఆంటీ."

"మరి నా దగ్గరికి రాలేదేమే?"

"మీ దగ్గరికొస్తే ఇడ్లీలు తినాలె గద!"

హనుమాయమ్మ నెత్తి మీద చెయ్యి వేసుకుని మంచం అంచున కూలబడింది. "ఒసే పిచ్చిదానా! ఆ నీళ్లు నీకు మేలూ చెయ్యవు, కీడూ చెయ్యవు. పని చేసేది ఇడ్లీయే. టిఫిన్ తినండ్రా అంటే ఒక్కడూ రాడు. 'తిన్నామాంటీ' అని ఎండిన పెదాలతో అబద్ధమాడి పోతారు. డిటాక్స్ అంటే పరిగెత్తుకొస్తారు. ఏం చెయ్యమంటావు?"

సీతారత్నం బిగించిన కొంగు వదులు చేసుకుంది.

"అయితే ఆనపకాయ రసం ఎప్పుడూ ఇవ్వవేం? అందరూ అదే తాగుతున్నారుగా" అంది.

"చేదు కాయ తగిలితే ప్రాణం మీదికొస్తుంది. పరాయి బిడ్డలమ్మా!"

"నీ అల్లప్పచ్చడిలో ఉప్పెక్కువ" అంది సీతారత్నం. "రేపట్నుంచి సాంబారు నేను చేస్తా."

ఆ వారమంతా అనూహ్యకు జీలకర్ర నీళ్లు లేవు. నేతి ఇడ్లీలు, పప్పన్నం, గడ్డపెరుగు. ఇంటర్వ్యూ రోజున ఇద్దరూ అదే రిక్షాలో మెట్రో దాకా దిగబెట్టారు. సాయంత్రం వచ్చి ఆ పిల్ల అన్నమాట ఒక్కటే: "వాళ్లు ఎన్ని తిప్పలు పెట్టినా నా కళ్లు మాత్రం తిరగలే ఆంటీ!"

ఫలితాలొచ్చాయి. అనూహ్య ఐఏఎస్! ముఖర్జీ నగర్ సంగతి తెలిసిందే. ఒక్క పూట కూర్చున్న కోచింగువాళ్లు కూడా మా విద్యార్థే అంటూ ఆ పిల్ల బొమ్మతో బ్యానర్లు కట్టారు. హనుమాయమ్మకు మండిపోయింది. "పెట్టినదాన్ని నేనుండగా వీళ్లెవరే!" అని, మర్నాడు పొద్దున్నకల్లా అనూహ్య ఫొటో తెచ్చి కషాయం గంగాళానికి దండతో సహా వేలాడదీసింది. బతికున్న పిల్లకు దండేమిటని సీతారత్నం దండ పీకేసింది గానీ ఫొటో ఉంచింది.

వరస ఇప్పుడు కింది అంతస్తు దాటి గల్లీలోకి పోయింది. పైన నీళ్లు హనుమాయమ్మవి, కింద సాంబారు సీతారత్నానిది. మొన్న కొత్తగా వచ్చిన నవదీప్ అనే కుర్రాడు గ్లాసు వాసన చూసి మొహం చిట్లించాడు. "ఆంటీ, ఇది నిజంగా పనిచేస్తుందా?"

సాంబారు గిన్నెతో పైకొచ్చిన సీతారత్నం, పుట్టి బుద్ధెరిగిన తర్వాత అబద్ధమాడని మనిషి, గంగాళం మీది ఫొటో చూపించింది. "కళ్లు లేవూ? ఈ గ్లాసు తాగే కలెక్టరయింది."

"మరి ఆ ఇడ్లీలు... తినకపోతే?"

"తినకపోతే గుమాస్తావవుతావు. మా ఆయన్ని చూశాను, నాకు తెలుసు. ఆరు తిను."

తలుపు వెనక హనుమాయమ్మకు కాఫీ పొలమారింది.