మొదటి అయిదు సాళ్లు

నేను ఎమ్మెస్సీ చదివే రోజుల్లో సైన్సు చరిత్రని తలకిందులు చెయ్యబోయాను. చరిత్ర క్షేమంగానే ఉంది, తలకిందులైంది నేనే. అదీ పదిమంది ముందు, బందరులో, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ. ఆ ఘోరాన్ని ఇప్పుడు దాపరికం లేకుండా చెప్పేస్తున్నాను. ఇన్నేళ్లు కడుపులో దాచుకున్నది పక్కవాడి నోట వినడం కన్నా మనమే చెప్పుకోవడం గౌరవం.

తొంభైలలో సంగతి. మాది గుడివాడ. బందరులో వృక్షశాస్త్రం చదువుతున్నాను. చివరి ఏడాది ప్రాజెక్టు చెయ్యాలి. మా గైడు శేషగిరి మాస్టారు మితభాషి. కోపం వస్తే కళ్లజోడు తీసి తుడుచుకుంటారు. నా పుణ్యమా అని ఆ ఏడాది ఆయన కళ్లజోడు బందరు మొత్తానికి శుభ్రమైన కళ్లజోడు అయింది.

ప్రాజెక్టు విషయం ఇది. ఆకు మీద మన కంటికి కనపడని సూక్ష్మజీవులు కాపురముంటాయి. వాటిలో చాలా వరకు మంచివి. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నట్టు, ఆకు మీద చోటంతా అవి ముందే ఆపేసుకుంటాయి. తెగులు బూజు ఎక్కి వచ్చినా కూర్చోవడానికి చోటు దొరకదు. మరి తెగులు రాకుండా మనం కొట్టే మందు బస్సులో ఉన్నవాళ్లందరినీ, మంచీ చెడూ చూడకుండా, దింపేస్తుందా? ఇదీ ప్రశ్న. దింపేస్తుందని మాస్టారి నమ్మకం. "నమ్మకం చాలదు, లెక్క కావాలి" అని నన్ను పంపించారు.

నేను కనకాంబరం మొక్కని ఎంచుకున్నాను. అవనిగడ్డ దగ్గర ఒక ఊళ్లో వెంకటరత్నమ్మగారని, కనకాంబరాలు పండించే ఆవిడ ఉన్నారు. నలభై అయిదేళ్ల మనిషి. మందు డబ్బా వీపుకి తగిలించుకుని తన తోటకి తనే కొట్టుకునేవారు. కూలివాళ్లు కొడితే ఆకులకి కాక వాళ్ల కాళ్లకే ఎక్కువ పడుతుందని ఆవిడ అనుమానం.

ఆవిడ తోటలో పది సాళ్లు. నేను కాలవ గట్టున నిలబడి, చేయి చాచి, సేనాపతిలా చెప్పాను.

"రత్నమ్మగారూ, మొదటి అయిదు సాళ్లకీ మామూలుగా మందు కొట్టండి. మిగతా అయిదింటికీ కొట్టద్దు."

"కొట్టకపోతే ఆకుమచ్చ వస్తే ఎలా బాబూ? పూలమ్ముకుని బతికేవాళ్లం."

"రాదండి. వస్తే ఆపేద్దాం."

"సరే. మొదటి అయిదిటికేగా?"

"మొదటి అయిదిటికే."

ఇద్దరు మనుషులు ఇంత చక్కగా ఒక మాట మీదికి రావడం నేనెప్పుడూ చూడలేదు. ఆ తర్వాత కూడా చూడలేదు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. మందు కొట్టేటప్పుడు నేను ఒక్కసారి కూడా అక్కడ లేను. ఆవిడ తెల్లారకుండానే పూలు కోసి, ఎండ ఎక్కకముందే మందు కొట్టేసేవారు. బందరు నుంచి మొదటి బస్సుకి వచ్చినా నేను చేరేది ఎనిమిదిన్నరకి. ఇంకో మాట, మందు వాసన నాకు పడదు. అందుకని మందు కొట్టిన రెండు రోజులకి పెళ్లికి వచ్చినవాడిలా తయారై వెళ్లి, ఆకులు కోసి, కాగితం కవర్లలో వేసి, ఒకదాని మీద 'మందు', ఇంకోదాని మీద 'మందు లేదు' అని చీటీలు అంటించుకుని వచ్చేవాణ్ణి.

కాలేజీలో సూక్ష్మజీవులు పెరగడానికి జున్నులా గడ్డకట్టిన ఆహారం పోసిన గాజు పళ్లేలుండేవి. వాటి మీద ఒక్కో ఆకుని మెల్లగా అద్ది తీసేయాలి. మూడో రోజుకి ఆకు ఆకారంలో చుక్కలు మొలుస్తాయి. గులాబీ, మీగడ రంగు, పసుపు. ఎన్ని చుక్కలుంటే ఆకు మీద అంత కాపురం ఉన్నట్టు.

మూడో రోజు మూతలు తీశాను. 'మందు' అని రాసిన పళ్లేలు పెళ్లివారి ముగ్గులా కళకళలాడుతున్నాయి. 'మందు లేదు' అన్నవి అద్దాల్లా ఉన్నాయి, కావాలంటే తల దువ్వుకోవచ్చు.

మాస్టారు కళ్లజోడు తీశారు. "మళ్లీ లెక్కపెట్టు."

పెట్టాను. అదే.

"మళ్లీ వెళ్లి ఆకులు తీసుకురా."

తెచ్చాను. అదే. మూడోసారీ అదే. మాస్టారు కళ్లజోడు తుడుస్తూ, "నీకు చేతులున్నాయి గానీ అవి పని చెయ్యడానికి కాదనుకుంటా" అన్నారు.

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటారు. నా కుందేలుకి నేను రెక్కలు కూడా మొలిపించాను. రెండు రాత్రులు ఆలోచించి ఒక సిద్ధాంతం తయారు చేశాను. ఆకు మీది సూక్ష్మజీవులు మందుని తిని బలుస్తాయి. అంతే. ఇంత తేలిక విషయం ప్రపంచానికి ఇప్పటిదాకా ఎందుకు తట్టలేదా అని జాలి కూడా పడ్డాను.

సాక్ష్యాలు అడ్డం రాలేదా అని మీరడగచ్చు. వచ్చాయి. మందు నీలంగా ఉండేది, మైలుతుత్తం, సున్నం కలిపింది. కొట్టని సాళ్లలో ఆకుల మీద నీలం మరకలు కనిపించాయి. కొట్టిన సాళ్లలో ఆకులు పచ్చగా నిగనిగలాడుతున్నాయి. మామూలు మనిషికైతే అనుమానం వచ్చేది. నేను చదువుకున్నవాణ్ణి. నోటుపుస్తకంలో ఒక పక్క 'గాలికి కొట్టుకొచ్చిన తుంపర' అని, రెండో పక్క 'మంచుకి కడుక్కుపోయింది' అని రాసి, గీత కొట్టి, కింద సంతకం కూడా పెట్టాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ప్రాజెక్టు పరీక్షకి వారం ముందు తోటకి వెళ్లి రత్నమ్మగారికి సలహా కూడా ఇచ్చాను.

"ఇక నుంచి మందు రెట్టింపు కొట్టండి. ఎంత కొడితే మీ ఆకుకి అంత బలం."

ఆవిడ నా వంక ఎగాదిగా చూశారు. "అదేంటి బాబూ? నాకు తోటలో కనపడేది వేరేగా ఉందే. కొట్టని సాళ్లకి అక్కడక్కడా మచ్చ వస్తే ఆ నాలుగాకులూ గిల్లి పారేశాను. మొక్కలు బానే ఉన్నాయి. ఊరికే వీపు పుండయ్యేలా ఈ డబ్బా మొయ్యడం ఎందుకా అనుకుంటున్నాను."

"మీకు కంటికి కనపడేది వేరు, సైన్సు వేరండి. కావాలంటే పరీక్ష రోజున బందరు రండి. పెద్దవాళ్లందరి ముందూ నిరూపిస్తాను."

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. నా నోటికి ఊరు కాదు కదా, కాలేజీ గది కూడా మిగల్లేదు.

ఆవిడ నిజంగానే వచ్చారు. జరీ అంచు చీర కట్టుకుని, అరటాకులో పూలదండ చుట్టుకుని వచ్చి ముందు బల్ల మీద కూర్చున్నారు. పరీక్షించడానికి వేరే ఊరి నుంచి సుభద్ర మేడమ్ అని ఒక పెద్దావిడ వచ్చారు. తెల్లజుట్టు, చిన్న గొంతు. పక్కన శేషగిరి మాస్టారు, కళ్లజోడు ముందుగానే చేతిలో పట్టుకుని ఉన్నారు.

నేను రంగు రంగుల చార్టులు తగిలించి, బస్సు పోలికతో మొదలుపెట్టాను. నాకే ఒళ్లు జలదరించేలా మాట్లాడాను. "చూడండి, మొదటి అయిదు సాళ్లు, అంటే మందు కొట్టినవి, ఎంత సమృద్ధిగా ఉన్నాయో" అంటూ బెత్తంతో చూపించాను.

ముందు బల్ల నుంచి రత్నమ్మగారు చెయ్యి ఎత్తారు. "ఒక్కమాటండి. బాబూ, నువ్వనేది కాలవ పక్క సాళ్లేనా?"

"అవునండి, కాలవ పక్కవే."

"వాటికి నేను మందు కొట్టలేదుగా."

చార్టు మీద నా బెత్తం ఇంకా ఆ సాళ్ల దగ్గరే ఉంది.

"మొదటి అయిదు అన్నాను కదండీ" అన్నాను.

"నువ్వన్నట్టే చేశాగా. మా ఇంటి పక్క నుంచి మొదటి అయిదూ కొట్టాను."

సుభద్ర మేడమ్ ముందుకి వంగారు. "మీ ఇల్లు తోటకి ఏ దిక్కునమ్మా?"

"తూర్పునండి. ఏ పనైనా తూర్పు నుంచేగా మొదలెట్టేది. పడమటి కాలవ గట్టు నుంచి లెక్కెట్టేవాళ్లుంటారని నాకేం తెలుసండి?"

"ప్రతిసారీ అలాగే కొట్టారా?"

"ప్రతిసారీ అంతేనండి. మాట మార్చే అలవాటు లేదు నాకు."

మేడమ్ నా నోటుపుస్తకం అడిగి తీసుకున్నారు. పేజీలు తిప్పారు. ఒక చోట ఆగి, గట్టిగా చదివారు. "'గాలికి కొట్టుకొచ్చిన తుంపర.' ఆ రోజు గాలి ఎటు వీచిందబ్బాయ్?"

"తెలీదండి."

"నువ్వక్కడ ఉన్నావా?"

"లేనండి. మొదటి బస్సు ఎనిమిదిన్నరకి గానీ చేరదండి."

వెనక బల్లల్లో నవ్వు మొదలై ముందు బల్లల దాకా వచ్చింది. మాస్టారు కళ్లజోడు తుడుస్తున్న తీరు చూస్తే అద్దం అరిగిపోతుందనిపించింది. నేను చార్టుల వెనక్కి వెళ్లిపోదామా అని చూశాను, అవి గోడకి ఆనించి ఉన్నాయి. రెండేళ్ల చదువు, మా నాన్న ఊరంతా చెప్పుకున్న ఎమ్మెస్సీ, అన్నీ కాలవలో కొట్టుకుపోతున్నట్టు కళ్ల ముందు కనిపించాయి.

మేడమ్ మాత్రం నవ్వలేదు. "మొదట్లో నువ్వేం రావాలనుకున్నావు?"

"మందు కొట్టినవాటిలో తక్కువ రావాలనండి."

"నీ చీటీల ప్రకారం వాటిలో ఎక్కువ వచ్చాయి. మీ గైడు కోప్పడలేదా?"

"కోప్పడ్డారండి."

"మరి అంకెలు దిద్దలేదేం?"

"దిద్దచ్చని తట్టలేదండి. ఉన్నవి లెక్కపెట్టి రాశాను."

అప్పుడావిడ నవ్వారు. మాస్టారి వైపు తిరిగారు. "శేషగిరిగారూ, ఏది మందు కొట్టిందో తెలిస్తే లెక్కపెట్టేవాడి కన్ను తనకి కావాల్సిన వైపుకి లాగుతుందని, పెద్ద ల్యాబుల్లో పనిగట్టుకుని చీటీలు దాచిపెడతారు. మీవాడికి చీటీలు దాచకుండానే ఏది ఏదో తెలియలేదు. పైగా తప్పు చీటీలు పెట్టుకుని, మీరు తిడుతున్నా, నిజం అంకెలే మూడుసార్లు రాశాడు. చీటీలు అటూ ఇటూ మారిస్తే చాలు, మీరనుకున్నదే. మందు బస్సు ఖాళీ చేసేస్తోంది. దీన్ని మించిన నిజాయితీ లెక్క ఈమధ్య నేను చూళ్లేదు."

మాస్టారు కళ్లజోడు పెట్టుకున్నారు. నా వంక చూసి, చూసి, "నే చెప్పలా?" అన్నారు. ఏం చెప్పారో నాకిప్పటికీ తెలీదు గానీ, ఆ మాట ఆయన నోట వీణలా వినిపించింది.

రత్నమ్మగారు మేడమ్‌కి దండ ఇచ్చి, అసలు సంగతి అడిగారు. "అయితే డబ్బా మొయ్యక్కర్లేదాండి?"

"పూర్తిగా మానెయ్యకండి. మచ్చలు ముదురుతుంటే కొట్టండి. ఏమీ లేకుండా అలవాటుకొద్దీ మాత్రం కొట్టకండి."

"నాకు ముందే అనిపించిందండి" అన్నారావిడ. ఈ ప్రాజెక్టులో తప్పు చెయ్యనిది ఆవిడొక్కరే. నాకన్నా తక్కువ మాట్లాడి, నాకన్నా ఎక్కువ చెప్పింది కూడా ఆవిడే.

నాకు ఫస్టు క్లాసు వచ్చింది. కాకపోతే మేడమ్ ఒక షరతు పెట్టారు, జరిగింది జరిగినట్టు ప్రాజెక్టు పుస్తకంలో రాయాలని. మాస్టారు ఒక రోజంతా ఆలోచించి, మర్యాదగల ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పి రాయించారు. తెలుగులో దాని అర్థం, 'మందు కొట్టిన సాళ్లు ఏవి అన్న విషయంలో పరిశోధకుడు ఆద్యంతం అజ్ఞానంలో ఉన్నాడు' అని. అట్టకి బంగారు అక్షరాలు వేయించి, ఒక ప్రతి తీసుకెళ్లి రత్నమ్మగారికి చూపించాను. ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి చదివి చెప్పాను.

ఆవిడ పుస్తకాన్ని కళ్లకద్దుకుని తిరిగిచ్చారు. "దీనికి అచ్చెందుకు బాబూ, మాకు తెలిసిందేగా."

అక్కడికక్కడే, ఆ కనకాంబరాల సాక్షిగా, మళ్లీ ఈ జన్మలో ఆద్యంతం అజ్ఞానంలో ఉండనని ప్రమాణం చేశాను. అయితే నాకు జీవితంలో ఫస్టు క్లాసు వచ్చింది ఆ ఒక్కసారే. అందుకని ఆ ప్రమాణం మీద ఎంతవరకు నిలబడాలన్నది ఇంకా తేల్చుకోలేదు.