రేపుగారు వేడినీళ్ళకు వెళ్ళిన రోజు

పట్టణ మంచినీటి విభాగంలో ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేశారు. మొదటి రెండేళ్ళు పైపుల మధ్య, మిగతా ఇరవై తొమ్మిదేళ్ళు కుర్చీలో. సూపర్వైజరు అయ్యాక ఆయన బల్ల మీదికి వచ్చిన ప్రతి ఫిర్యాదుకీ ఒకటే సమాధానం: "రేపు చూద్దాం." ఆ మాట ఆయన ఎన్నడూ విసుక్కుంటూ అనలేదు. కూర్చోబెట్టి, మంచినీళ్ళు కావాలా అని అడిగి, గ్లాసు చేతికిచ్చి మరీ అనేవారు. వీధిలో నీళ్ళు రావడం లేదని చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళు ఆ గ్లాసు వంక కాసేపు చూసి, తాగేసి వెళ్ళిపోయేవారు.

ఏ రేపో ఆయన చెప్పలేదు కాబట్టి అబద్ధమాడారని అనడానికి లేదు. అందుకని ఊరు ఊరంతా కలిసి ఆయనకు 'రేపుగారు' అని పేరు పెట్టుకుంది. కూరగాయల దుకాణంలో అదే పేరు, మంగలి షాపులో అదే పేరు. ఆ పేరు తెలియనిది ఆయనొక్కరికే. వీధిలో జనం తనను చూసి నవ్వుతుంటే గౌరవం కాబోలనుకుని ఆయనా తలూపేవారు.

రిటైరయ్యాక ఆయన అజమాయిషీకి మిగిలింది భార్య ఒక్కతే. పొద్దున్నే చేతులు వెనక్కి కట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడేవారు. గిన్నె ఈ పొయ్యి మీద కాదు, ఆ పొయ్యి మీద పెట్టాలనేవారు. గరిటెలు ఎడమవైపు తగిలిస్తే చేతికి అందుబాటులో ఉంటాయనేవారు. ఆవిడ ముప్ఫై అయిదేళ్ళుగా కుడిచేత్తో వండుతోందన్న సంగతి ఆయన కంట పడినట్టు లేదు.

ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మేడ ఎక్కాలంటే మెట్టుకో నిట్టూర్పు. డాక్టరు చూసి, "మందులు మందులేనండి. మూడు గంటలు ప్రయాణం చేస్తే వేడినీటి బుగ్గలున్నాయి కదా, ఓసారి వెళ్ళి కాళ్ళు నానబెట్టుకు రండి. ప్రాణం లేచొస్తుంది" అన్నాడు. ఆ సంగతి భర్త చెవిన వేస్తే ఆయన ఏమన్నారో వేరే చెప్పక్కర్లేదు. ఆవిడ నాలుగు నెలలు ఆగింది. అయిదో నెలలో చెప్పులు తొడుక్కుని వీధి చివరి ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్ళి, రెండు టికెట్లతో తిరిగొచ్చింది.

"ఆదివారం పొద్దున్న ఆరింటికి బస్సు. ముందు పాత నగరం చూపిస్తారు, భోజనాలయ్యాక వేడినీళ్ళు. మీరొస్తే రండి, లేకపోతే ఆ సీట్లో నా సంచి పెట్టుకుంటా."

సంచికి తన చోటు వదులుకోవడం ఆయనకు నచ్చలేదు. వెళ్ళారు.

బస్సులో అందరికంటే ముందెక్కి డ్రైవరు వెనక సీటు పట్టారు. వంతెన మీదుగా కాకుండా రైల్వే గేటు పక్కనుంచి వెళ్తే పది నిమిషాలు కలిసొస్తుందని డ్రైవరుకు చెప్పారు. రైల్వే గేటు తీసేసి ఆరేళ్ళయిందని డ్రైవరు చెప్పాడు. "అలాగా, నాకు కాగితం రాలేదే" అన్నారాయన.

గైడు పాతికేళ్ళ అమ్మాయి. చేతిలో పసుపు గొడుగు, మెడలో మైకు. "అందరికీ నమస్కారం. ఇవాళ మనం చూడబోయే నగరం దాదాపు రెండు వేల సంవత్సరాల నాటిది. ఒకప్పుడు అందులో పదివేల మంది ఉండేవారు" అని మొదలుపెట్టింది.

"ఎవరు లెక్కపెట్టారమ్మా?" అన్నారు ఆయన.

"తవ్వకాల్లో బయటపడ్డ ఇళ్ళను బట్టి అంచనా వేశారండి."

"అంచనానా!" అని వెనక్కి తిరిగి బస్సంతా కలయజూసి నవ్వారు. ఎవరూ నవ్వలేదు. అర్థమయ్యేంత చదువు వీళ్ళకి లేదనుకుని ముందుకు తిరిగారు. భార్య కిటికీలోంచి చూస్తూ, కొండలు కనబడటానికి ఇంకా గంటన్నర ఉన్నా, కొండల కోసం వెతుకుతోంది.

దారి పొడవునా ఆ అమ్మాయి ఒక మాట చెప్పడం, ఆయన దాన్ని సరిదిద్దడం. నాలుగో వరసలోంచి పెద్ద కళ్ళద్దాల పొట్టిమనిషి ఒకావిడ తనవైపే చూస్తోందని ఆయన రెండుసార్లు గమనించారు. ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరయిందట, టీ కోసం ఆగినప్పుడు ఎవరితోనో చెబుతుంటే విన్నారు. చదువుకున్న మనిషి తన మాటలు శ్రద్ధగా వింటోందన్నమాట. ఆయన గొంతు ఇంకాస్త పెంచారు.

పాత నగరం అంటే మోకాలెత్తు గోడలు, విరిగిన స్తంభాలు, మధ్యలో రాళ్ళు పరిచిన వీధులు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. గైడమ్మాయి వీధి పక్కన ఒక చోట ఆగి గొడుగుతో కిందికి చూపించింది. ఒకదాని మూతిలో ఒకటి దూర్చిన మట్టి గొట్టాలు, వీధి వాలు వెంటే కిందిదాకా వరసగా పోతున్నాయి.

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఇక్కడ తనను మించినవాడు లేడు. మందిని పక్కకు జరుపుకుంటూ వచ్చి, వంగకుండానే పరీక్ష చేశారు. "అతుకులు చూడండి. ఇలా అతికితే ఎక్కడికక్కడే కారిపోతాయి. చుక్క కిందికి చేరదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇదే పని చేశాను, నాకు చెప్పకండి."

"అయితే మీరే చూడండి సార్" అని ఆ అమ్మాయి మంచినీళ్ళ సీసా ఆయన చేతిలో పెట్టింది. "పైన ఈ మూతిలో పొయ్యండి. మేం కింద ఉంటాం."

ఆయన పోశారు. అందరూ గొట్టాల వెంట దిగుతూ వెళ్ళారు. ఆయన వెనకాలే తీరిగ్గా, ఫలితం ముందే తెలిసినవాడిలా నడిచారు. అరవై అడుగుల అవతల, రాతి తొట్టి దగ్గర, అందరూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. గొట్టం చివర తడి మెరిసింది. తర్వాత సన్నటి ధార, చప్పుడు చేసుకుంటూ తొట్టిలోకి దూకింది. జనం చప్పట్లు కొట్టారు.

"వాలు ఎక్కువ కాబట్టి వచ్చింది. దాందేముంది" అన్నారాయన.

అప్పుడు లెక్కల టీచరు ముందుకొచ్చి గుట్ట వైపు చెయ్యి చూపించింది. "ఏమ్మా, అదిగో ఆ పైన కూడా ఇళ్ళున్నాయి కదా. వాళ్ళకి నీళ్ళెలా వెళ్ళేవి?"

"గొట్టాల్లోనే వెళ్ళేవండి. అవతల కొండ మీద, ఆ గుట్ట కంటే ఎత్తులో పెద్ద తొట్టి కట్టారు. నీళ్ళు అక్కణ్ణించి లోయలోకి దిగి, మళ్ళీ వాటంతటవే గుట్టెక్కేవి."

"వాటంతటవే!" అంది టీచరు. "మాది మిట్టవీధి. పదకొండిళ్ళు. పద్దెనిమిదేళ్ళు కిందినుంచి బిందెలతో మోసుకున్నాం. ఆ ఎత్తుకి నీళ్ళెక్కడం సాంకేతికంగా సాధ్యం కాదని నాకో కాగితం కూడా ఇచ్చారు. కావాలంటే రేపు రండమ్మా, ఇంకోసారి చూద్దాం అని..." ఆవిడ ఆగింది. కళ్ళద్దాలు పైకి తోసుకుని ఆయన మొహంలోకి పరకాయించి చూసింది. "ఉండండుండండి. పొద్దుట్నించీ ఈ గొంతెక్కడ విన్నానా అనుకుంటున్నాను. మీరు రేపుగారు కదూ?"

"ఏ గారు?"

"రేపుగారండీ! మంచినీటి ఆఫీసు రేపుగారు!"

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. "ఓహో, ఈయనేనా!" అని ఒక గొంతు. "మా నాన్న చెబుతుండేవాడు" అని ఇంకో గొంతు. ఆ బస్సులో సగం మంది ఆయన ఊరివాళ్ళే. నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుని గైడమ్మాయి దాకా వచ్చింది. ఆ పిల్ల గొడుగు తెరిచి దాని వెనక మొహం దాచుకుంది.

ఆయన భార్య కోసం చూశారు. ఆవిడ విరిగిన స్తంభం ఒకదాన్ని మహా ఆసక్తిగా పరిశీలిస్తోంది.

"నీకు తెలుసా ఈ పేరు?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

ఆవిడ కాస్త ఆలోచించింది. "పెద్దమ్మాయి కడుపులో ఉన్నప్పట్నించి."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెబుదామనే అనుకున్నాను. రోజులు గడిచిపోయాయి."

భోజనాల దగ్గర ఆయన అందరికీ దూరంగా చివర కూర్చున్నారు. ముప్ఫై ఏళ్ళ నవ్వులన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. పాలకేంద్రంలో నవ్వు, పెళ్ళిళ్ళలో నవ్వు, ఆఖరికి రిటైరైన రోజు పై అధికారి ఉపన్యాసంలో "ఈయన లేని రేపటిని ఊహించలేం" అన్నప్పుడు హాలంతా లేచిన నవ్వు. ఆ రోజు ఆయన కళ్ళు చెమర్చాయి కూడా. కొంచెంసేపటికి ఆ అవమానం కాస్తా కోపమైంది. ఎవరో ఒకరు ఏదో ఒకటి పాడుచేసుకుంటే, వీళ్ళందరి ముందూ అప్పటికప్పుడు బాగుచేసి చూపించాలనిపించింది.

వేడినీటి కొలను గుట్ట అడుగున ఉంది. కుళ్ళిన గుడ్డు వాసన గేటు దగ్గరే ముక్కుకు తగిలింది. పొడవాటి కొలను, చుట్టూ రాతిమెట్లు, అందరూ బట్టలు మోకాళ్ళ దాకా మడుచుకుని మెట్ల మీద కూర్చున్నారు. నీళ్ళు కాస్త ఎక్కువే వేడిగా ఉన్నాయి. కాళ్ళు పెట్టడం, తియ్యడం, మళ్ళీ పెట్టడం.

"చన్నీళ్ళు కలిపే మనిషి అన్నం తినడానికెళ్ళాడు. పది నిమిషాల్లో వచ్చేస్తాడు. అందాకా ఎవరూ ఏమీ ముట్టుకోకండి" అంది గైడమ్మాయి.

"పది నిమిషాలెందుకు?" అని ఆయన లేచారు. "ఇప్పుడే చేస్తాను."

కొలను చివర గోడకి రెండు ఇనప చక్రాలున్నాయి. ఆయన చొక్కా చేతులు మడిచారు. భుజం మీది తువ్వాలు అడ్డమొస్తుంటే అక్కడే ఉన్న బోర్డు మీద ఆరేసినట్టు వేశారు. కుడి చక్రం రెండు చేతులా పట్టుకుని తిప్పారు. అది కదల్లేదు. పళ్ళు బిగించి, మెడనరాలు పొంగేలా మళ్ళీ తిప్పారు. మెట్ల మీద జనం చూస్తున్నారు. లెక్కల టీచరు కూడా చూస్తోంది. కిర్రుమని చక్రం తిరిగింది.

"చూశారా!" అన్నారు ఇటు తిరిగి.

వాళ్ళు ఆయన్ని చూడటం లేదు, నీళ్ళను చూస్తున్నారు. కొలను మధ్యలో చిన్న సుడి లేచింది. అడుగునుంచి గుడగుడమని పెద్ద చప్పుడు. నీళ్ళు మోకాళ్ళ నుంచి పిక్కలకు, పిక్కల నుంచి మడమలకు దిగాయి. ఆయన గబగబా చక్రాన్ని వెనక్కి తిప్పబోతే అది ఊడి చేతిలోకి వచ్చింది. అయిదు నిమిషాల్లో ఇరవై ఆరుమంది తడికాళ్ళతో ఖాళీ గుంట చుట్టూ కూర్చుని ఉన్నారు. అడుగున ఒక దువ్వెన, రెండు సీసామూతలు బయటపడ్డాయి.

చన్నీళ్ళ మనిషి చెయ్యి తుడుచుకుంటూ వచ్చాడు. గుంట చూశాడు, చక్రం చూశాడు, దాన్ని పట్టుకున్న మనిషిని చూశాడు. వెళ్ళి పనిముట్ల సంచి తెచ్చుకుని కింద కూర్చున్నాడు.

"ముందు కొంచెం ఎడమకి వదులు చెయ్యి" అన్నారు ఆయన, పైన నిలబడి.

"ఇది పట్టుకోండి సార్" అని అతను పానా ఒకటి అందించాడు. ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకున్నారు. అతను చూసి, మెల్లగా తిరగేసి మళ్ళీ చేతిలో పెట్టాడు. పావుగంటలో పని అయిపోయింది.

"నీళ్ళు?" అని అడిగింది గైడమ్మాయి.

"బుగ్గ సన్నం కదమ్మా. నిండాలంటే పొద్దుగుంకుతుంది."

బస్సు నాలుగింటికి బయల్దేరాలి. మెట్ల మీద గొణుగుళ్ళు గోలయ్యాయి. అంత గోలలోనూ ఆయన భార్య లేచి, కుంటుకుంటూ ఆ పనివాడి దగ్గరకు వెళ్ళింది. "బాబూ, మోకాళ్ళ కోసం ఇంత దూరం వచ్చాను. ఎక్కడైనా చెంబెడు వేడినీళ్ళు దొరుకుతాయా?"

బుగ్గ పుట్టే చోట, పనివాళ్ళు కాళ్ళు కడుక్కునే చిన్న రాతితొట్టి ఉంది. ఇద్దరు పడతారు. అతను ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. రెండో చోటు కోసం ఆయన వెనకే బయల్దేరారు. ఆవిడ వెనక్కి తిరిగి, "టీచరుగారూ, మీరు రండి. పద్దెనిమిదేళ్ళు బిందెలు మోసిన కాళ్ళు మీవి" అంది.

ఆయన బస్సులో ఒంటరిగా కూర్చున్నారు. నోటు పుస్తకం తీసి, కొలను నిర్వాహకులకు ఫిర్యాదు రాశారు: ప్రమాదకరమైన చక్రాల దగ్గర హెచ్చరిక బోర్డు లేకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం, ప్రజల సౌకర్యం పట్ల బాధ్యత లేని సిబ్బంది, తక్షణ చర్య అవసరం. 'తక్షణ' కింద రెండు గీతలు గీశారు. తొట్టి దగ్గర్నుంచి ఇద్దరాడవాళ్ళ నవ్వు బస్సు దాకా వినిపిస్తోంది. భార్య అంత గట్టిగా నవ్వగలదని ఆయనకు తెలియదు. వాళ్ళు దేనికి నవ్వుతున్నారో ఊహించడానికి ఆయన సాహసించలేదు.

జవాబు నాలుగో రోజుకే వచ్చింది. చిన్న పార్సిలు. "అయ్యా, తమరు చెప్పిన చోట పందొమ్మిదేళ్ళుగా బోర్డు ఉన్నది. దాని మీద తమరు మరిచిపోయిన తువ్వాలు ఉతికించి పంపుతున్నాము" అని ఉంది.

పై నెలలో భార్య మళ్ళీ రెండు టికెట్లు తెచ్చుకుంది. ఆయన ఉత్తరం మరిచిపోయినట్టు నటించి, "ఈసారి ఎన్నింటికి బస్సు?" అన్నారు.

"ఆరింటికే. టీచరుగారూ నేనూ వెళ్తున్నాం. కూర పొయ్యి మీద పెట్టి వెళ్తా. మీకు ఏ పొయ్యి కావాలంటే ఆ పొయ్యి మీద వేడి చేసుకోండి."

ఆ ఆదివారం ఆయన మంగలి షాపుకెళ్ళారు. మెడకు తెల్లగుడ్డ కట్టించుకుని, అద్దంలో మంగలి మొహం చూస్తూ పాత నగరం గొట్టాల సంగతి మొదలుపెట్టారు. స్వయంగా వెళ్ళి పరీక్షించానన్నారు. పని ఫరవాలేదు కానీ వాలు దగ్గర పొరపాటు చేశారన్నారు. అడుగుకి అర అంగుళం ఎక్కువ ఇచ్చారట. తనను అడిగి ఉంటే అలా జరగనిచ్చేవారు కాదట. ఆ వాలు ఎంతుండాలో చూపించడానికి గుడ్డ కిందినుంచి చెయ్యి పైకి తీశారు.

"తల కదపకండి" అన్నాడు మంగలి.