రాళ్లు తీయించిన బొమ్మ

నిన్న కాలేజీ క్యాంటీన్‌లో చాయ్ చెప్పి ఫోన్ గీకుతూ కూర్చుంటే, అడగకుండానే అదొక పాత ఫోటో తెచ్చి ముందు పెట్టింది, రెండేళ్ల కిందట ఇదే రోజు అంటూ. బాన్సువాడ కూరగాయల అంగడి. ఆకుకూరల అవ్వ చేతిలో గుండ్రాయి పట్టుకుని బోసినోటితో నవ్వుతోంది. చాయ్ చల్లారింది గానీ నా ఒళ్లు మండింది.

అప్పుడు నేను ఆర్కిటెక్చర్ మూడో ఏడు. హైదరాబాద్‌లో పెరిగినదాన్ని; బాన్సువాడ అంటే నాకు మేనమామ ఇల్లు, ఆయన స్కూటరు, ఆయన స్వయంగా వండే మటన్. మామ ఆ అంగడి ఉన్న వార్డులో లీడరు. జనం మధ్య కూర్చున్నాకే ఊరిని గీయాలన్న పాఠం తలకెక్కి, సెలవుల్లో వెళ్లి అంగడిలో చతికిలబడ్డాను. ఎండకు నీడ లేదు, వానొస్తే బురద. తడి కొత్తిమీర, మురిగిన టమాటా కలిసిన ఆ వాసన ఇప్పటికీ నా బ్యాగుకు ఉందనిపిస్తుంది.

ఆ అంగడికి ఒక కట్టుబాటుంది. ఇంటికెళ్లేటప్పుడు ఎవరి జాగాలో వాళ్లు ఒక రాయి పెట్టి పోతారు. జ్వరమొచ్చినా, బిడ్డ కాన్పుకు బిచ్కుంద వెళ్లినా రాయి ఉన్నంతకాలం జాగా వాళ్లదే. ఒకరి రాయి ఇంకొకరు కదపరు. అవ్వ రాయి వాళ్ల అత్త పెట్టింది. "అత్త పోయింది, రాయి ఉన్నది. గిదన్న నన్ను తిట్టది" అనేది.

నేను రేకుల కప్పు, దాని కింద మోకాలెత్తు అరుగులు, ప్రతి అరుగు అంచున రాయి ఉంచడానికి చిన్న గుంట గీశాను. ఆ గుంటలంటే నాకెంత గర్వమో! ఒక అరుగు మీద అవ్వనూ కూర్చోబెట్టాను. అవ్వ నా ఫోన్‌లో ఆ బొమ్మను తొంగిచూసి, "గీమె నేనా? గింత సన్నగ జేసినవేందే!" అని పడీపడీ నవ్వింది.

మామ మురిసిపోయాడు. "కట్టేదాకా రాళ్లు తియ్యుమని నువ్వే చెప్పు బిడ్డా. నేను చెప్తే లీడర్ మాటలంటరు." చెప్పాను. "నీ మొఖం జూసి తీస్తున్న" అంటూ అవ్వే ముందు లేచింది. ఆమె వెనక అందరూ లేచారు. ఫోటో అప్పటిదే.

మళ్లీ సెలవులకు వెళ్లేసరికి అక్కడ వరసగా ములిగెలు, అంటే షట్టర్లున్న కొట్లు, వాటిల్లో కిరాయికి సెల్‌ఫోన్ దుకాణాలు. పైన ఫ్లెక్సీలో మామ నవ్వు, పక్కన నేను గీసిన బొమ్మ. ఆడవాళ్లంతా బస్టాండ్ అవతల మురుగు పారే మోరీ పక్కకు చేరారు.

"గుంటలేవి మామా?" అని మామ ఇంట్లో అన్నం ముందు కూర్చునే అరిచాను.

"ఏం గుంటలు? ఇన్నేండ్ల సంది లేవనోళ్లు నీ బొమ్మ జూసి లేసిన్రు. చాల్దా?"

కంచం తోసేశాను. "మటన్ ఏం జేసింది నిన్ను?" అన్నాడు, అంత నిమ్మళంగా.

మోరీ దగ్గరికి పరుగెత్తాను. అవ్వ తిట్టలేదు. గోనెపట్టా కొంచెం జరిపి, "కూసో" అంది. తిట్టినా బాగుండేది. రాయి ఆమె బుట్ట అడుగున ఉంది.

"ఈడ పెట్టుకోవా అవ్వా?"

"ఈడ పెడితే గిదే నా జాగ అని ఒప్పుకున్నట్టు గాదా బిడ్డా?"

మామ ఫోన్ చేస్తూనే ఉంటాడు, నేను ఎత్తను. ఫోటో చెరపలేదు. ఫోన్ లెక్కలో రెండేళ్లు గడిచిపోయాయి. అవ్వ మాత్రం బుట్టలోని రాయితో పాటు ఆ కాలాన్ని ఇంకా కింద పెట్టలేదు, పొద్దున మోసుకొచ్చి సాయంత్రం మోసుకుపోతోంది.